పదకొండో వరుస

కట్ట వేసిన నలభై ఒకటో ఏడు

జ్యేష్ఠం 2

ఈ చిట్టా కాగితం మీద రాస్తున్నాను. తెర మీద రాస్తే ఎవడో ఒకడు దిద్దుతాడు. దిద్దడమే నా పని కనుక దిద్దేవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు.

నా పేరు జగ్గారాయుడు. డెబ్భై మూడేళ్లు. ఈ ఐదో మెట్టకు వచ్చి ముప్పై ఎనిమిదేళ్లయింది. పదహారేళ్లు బడిలో భూగోళం చెప్పాను. తర్వాత ఇరవై రెండేళ్లుగా ఫోటోల గాదెలో కూర్చుని, జనం షేర్ చేసిన ఫోటోలను బడి పాఠాలకు పనికొచ్చేలా దిద్దుతున్నాను. గాదెకు అధికారి పురుషోత్తం. ఒకప్పుడు మేమిద్దరం పక్కపక్క బల్లల మీద పనిచేశాం. అతను నాకు చేసినవన్నీ ఒకచోట ఉండాలని ఈ చిట్టా మొదలుపెట్టాను.

ఈ ఉదయం రెండో తరగతికి అరటి గెల కావాలన్నారు. ఎవరిదో గృహప్రవేశం ఫోటో దొరికింది. గుమ్మానికి కట్టిన గెల నిండుగా ఉంది. పక్కన పళ్లికిలించి నిలబడ్డ మనిషిని చెరిపేసి, గెలకు కాస్త వెలుతురు పెంచి పంపేశాను. మధ్యాహ్నానికల్లా ఆ మనిషి గాదె గుమ్మంలో ఉన్నాడు.

“మా ఇంట్లో గోడ మీది ఫోటోలోంచి నేను మాయమైపోయానండీ! మా బావమరిది గృహప్రవేశమండీ అది. వాళ్లంతా పగలబడి నవ్వుతున్నారండీ!”

“ముప్పై రోజుల్లోపల దరఖాస్తు పెట్టుకో. పాత ప్రతి తిరిగొస్తుంది. అప్పటిదాకా నవ్వనీ,” అన్నాను.

మా కుర్రతనంలో ఒక్కొక్కడి జేబులో ఇరవై వేల ఫోటోలుండేవి. అందులో పద్నాలుగు వేలు ఒకే కుక్కపిల్లవి. ఉప్పెన తర్వాత కరెంటుకే దిక్కులేని రోజులొచ్చి, ఒక ఫోటోకు ఒకే ప్రతి అని చట్టం చేశారు. ఎవరి గోడ మీద చూసినా కనిపించేది గాదెలోని ఆ ఒక్క ప్రతే. ఇక్కడ నేను చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. ముప్పై రోజులు దాటితే పాత ప్రతిని కరిగించేస్తారు. మిగిలేది ఒక కవరు. ఏం చెరిపాడో, ఎందుకు చెరిపాడో దిద్దినవాడు తన మాటల్లో చెప్పాలి. దాన్ని యంత్రం అచ్చువేసి కవర్లో పెట్టి సీలు చేస్తుంది. పేరు కూడా కవరు లోపలే ఉంటుంది.

ఆ కవర్లు తెరిచే పద్ధతి నేను పెట్టించిందే. తొమ్మిదేళ్ల కింద పురుషోత్తం సంత ఫోటో ఒకటి దిద్దుతూ, కూరలమ్మే మనిషి చేతిలో తక్కెడ అడ్డంగా ఉందని తీసేశాడు. తూకాల పాఠానికి ఆ ఫోటో! నేను ఊరుకోలేదు. తప్పు దిద్దినవాడు ఆ ఫోటో వాడుకున్న బడికి వెళ్లి, పిల్లల ముందు నిలబడి, కవరు చదివించుకుని, “నేనే” అని ఒప్పుకోవాలని పట్టుబట్టి రూలు తెప్పించాను. ఒప్పుకుంటేనే కవర్లోది సాక్ష్యంగా చెల్లుతుంది. నాలుగో తరగతి పిల్లలు పురుషోత్తాన్ని చూసి కిసకిసలాడారు. ఆ రోజు నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

అతని మీద ఇప్పటికి పద్నాలుగు ఫిర్యాదులు పెట్టాను. మూడొందల పేజీల నా ‘నదుల పాఠం’ పన్నెండు పేజీలకు కత్తిరించిన మనిషి మీద పద్నాలుగు ఎక్కువేమీ కాదు.

జ్యేష్ఠం 5

సలోమి టీచర్ వచ్చింది. గాదెకు వచ్చే టీచర్లలో ఫోటోను పూర్తిగా చూసేది ఆమె ఒక్కతే. మిగతావాళ్లు “ఏదో ఒకటి ఇవ్వండి” అంటారు.

ఈ నెల ఇరవయ్యోనాడు ఏటి ఒడ్డు పల్లంలో కొత్త బడి తెరుస్తున్నారు. మూడొందల పన్నెండు మంది పిల్లలు ఇప్పుడు ధాన్యం గిడ్డంగి మీద రేకుల కింద చదువుతున్నారు. ఎండకు ఉడికిపోతున్నారు. కొత్త బడి మొదటి గది గోడకు, ఏటి నీళ్లు ఆపి వదిలే పాత లాకు ఫోటో పెట్టాలని ఆమె కోరిక.

“గోడంతా పట్టాలండి మాస్టారూ. మన ఏరు ఎలా ఉండేదో పిల్లలకి అక్కణ్ణుంచే చెబుతాను.”

“పిల్లలకు ఏరెందుకమ్మా, పన్నెండు పేజీలు చాలవూ?”

“మళ్లీ మొదలెట్టారా!” అని నవ్వింది. “మీ మూడొందల పేజీలూ నేను చదివానండి. కొంచెం తగ్గించినా బాగానే ఉండేది.”

ఫోటో తెర మీదికి తెప్పించాను. కట్ట వేయడానికి రెండేళ్ల ముందు తీసింది. రాతి లాకు గోడ ముందు మెట్ల మీద పదిహేను మంది పిల్లలు నిలబడ్డారు. ఆ లాకు ఇప్పుడు లేదు. ఏటి కట్ట కింద పూడిపోయింది. కానీ ఈ మెట్ట మీద ఎత్తులన్నీ ఇప్పటికీ ఆ గోడ రాళ్ల వరుసల లెక్కలోనే చెబుతారు. వరుసకు మూరెడెత్తు.

అప్పుడే నూకరత్నం కేరియరు పట్టుకుని వచ్చింది. బడికి వంట ఆమెదే. గాదెలో మాకు కూడా ఆమే తెచ్చిపెడుతుంది. యాభై ఏళ్లుంటాయి. ఆ ఫోటోలో ముందు మెట్టు మీద రెండు జడలతో ఉన్న ఏడేళ్ల పిల్ల ఆమే. లాకు తలుపులు చూసుకునే లస్కరు కూతురు.

తెర వైపు చూసి కేరియరు కింద పెట్టింది.

“మాస్టారండీ, ఒక మాటడిగితే తిట్టరు కదా?”

“విషయాన్ని బట్టి.”

“ఆ గోడ మీద పైన గీతుండేదండి. తెల్లగా. ఆ యేడు వరద తీసేశాక మా నాన్న సున్నం కలిపి గీశాడండి, నీళ్లు ఇక్కడిదాకా వచ్చాయని. ఇదిగో, మేం ఫోటో దిగింది ఆ గీత కిందే. ఇప్పుడు లేదేంటండి?”

“ఎప్పటినుంచి లేదు?”

“ఏమోనండి. ఓ రోజు మా ఇంట్లో గోడకేసి చూస్తే లేదు. పందొమ్మిదేళ్లో ఇరవయ్యేళ్లో అయ్యుంటాది. మా ఆయనకి చెబితే, నీకు మతి చలించిందే అన్నాడండి. ఫోటోలో లేంది నీ బుర్రలో ఎలా ఉంటాదే అనేవోడు. నిజమే కాబోలు అనుకున్నాను. ఆయ్, తినేయండి, పులుసు చల్లారిపోద్ది.”

పులుసు చల్లారిపోయింది.

జ్యేష్ఠం 6

ఫోటోను గోడంత చేసి చూశాను. పిల్లల తలల పైన రాళ్లు కడిగిన కంచాల్లా ఉన్నాయి. ఏటి ఒడ్డు రాయికి అంత శుభ్రం ఎక్కడిది? దగ్గరికి జరిపాను. ఒక రాయి మూల పెచ్చు ఊడి ఉంది, ఆవు చెవి ఆకారంలో. దాని పక్క రాయికీ అదే చెవి. ఆ పై వరుసలో ఇంకో రాయికీ అదే.

ఎవడో ఒక మంచి రాయిని పట్టుకుని గోడంతా అతికించాడు. కొత్తగా పనిలో చేరినవాడు కూడా ఇంత మొరటుగా చెయ్యడు. అతికించినవాడికి కాస్త కూడా సిగ్గు లేదు.

ఫోటో అడుగున ముద్ర చూశాను. మూడో బల్ల. పందొమ్మిదేళ్ల కింద, వైశాఖం.

మూడో బల్ల పురుషోత్తానిది. కిటికీ పక్కన, ఫ్యాను కింద, రాజుగారి సింహాసనంలా ఉండేది. నాది ఏడో బల్ల, మెట్ల కింద. నాకు నవ్వొచ్చింది. పదిహేనో ఫిర్యాదు దానంతటదే నడిచొచ్చింది.

తర్వాత ఇంకో సంగతి తట్టింది. కొలతమ్మను పిలిచాను. ఈ మెట్ట మీద ఏం కట్టినా ఎత్తు తేల్చేది ఆ యంత్రమే. ఆడగొంతుతో మాట్లాడుతుంది కనుక జనం ఆ పేరు పెట్టారు.

“కొత్త బడి నేల ఎత్తు దేన్ని బట్టి పెట్టావు?”

“లాకు ఫోటోను బట్టి. గోడ మీద నీటి చార ఐదో వరుస దగ్గర ఉంది. వరద ఎత్తు అదే. నేల ఆరో వరుస ఎత్తున వేయించాను. ధన్యవాదాలు.”

“ఐదో వరుస చార ఏటా పడేది. దాని పైన పెద్ద వరద గీత ఉండేది. ఎవరో చెరిపేశారు.”

“చెరిపేసినది నాకు కనిపించదు. ధన్యవాదాలు.”

“అక్కడ నిలబడ్డ మనిషి ఉంది. ఆమెకు గుర్తుంది.”

“జ్ఞాపకానికి కొలత లేదు. ధన్యవాదాలు.”

కళ్లద్దాలు తీసి తుడుచుకోబోతే జారి పడ్డాయి. వంగి తీసుకుని మళ్లీ ఫోటో వైపు చూశాను. పిల్లల తలల పైనుంచి గీత తీసేశారు. మిగిలిన చారను చూసి యంత్రం బడి కట్టింది. శ్రావణంలో ఏరు పొంగుతుంది. మూడొందల పన్నెండు మంది. ఈ అంకె నిన్న సలోమి చెప్పినప్పుడు నా చెవికి మామూలు అంకెలాగే వినిపించింది.

జ్యేష్ఠం 9

సలోమినీ నూకరత్నాన్నీ వెంటబెట్టుకుని కట్ట ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఇంజనీరుకు ముప్పై ఏళ్లు దాటి ఉండవు. నేను దిద్దిన ఫోటోలతోనే చదువుకుని ఉంటాడు. మర్యాదగానే విన్నాడు.

“గీత ఏ వరుస మీదుందో చెప్పండి సార్. ఎనిమిదైతే లోపల అటక వేయిస్తాను. పది దాటితే ఆ బడిలోకి ఎవర్నీ రానివ్వను. కానీ నాకు వరుస కావాలి.”

“చాలా పైనండి బాబూ,” అంది నూకరత్నం. “మా నాన్న నిచ్చెనెక్కి గీశాడు.”

“పైన అంటే ఎంతండి?”

“అప్పుడు నాకు ఏడేళ్లు. అన్నీ పైనే ఉండేవి.”

ఇంజనీరు తల దించుకున్నాడు. “తెరవడం ఆపాలంటే కాగితం మీద సాక్ష్యం కావాలి సార్. నా చేతిలో లేదు.”

సాక్ష్యం కవర్లో ఉంది. కవరు తెరవాలంటే ఫిర్యాదు పెట్టాలి. అది నాకు చేతకాని విద్య కాదు. బయటికొస్తూనే మెట్ల మీద కూర్చుని రాశాను. గురివింద తన నలుపెరగదని పెద్దలు ఊరికే అనలేదని మొదలుపెట్టి, తక్కెడ దగ్గర్నుంచి ఎత్తుకుని, నాలుగు పేజీలు నింపాను. ఫిర్యాదిగా కవరు నేనే చదువుతానని కూడా రాశాను. రూల్లో ఆ హక్కుంది. పెట్టించినవాణ్ణి నేను.

సలోమి చదివి చూసింది.

“ఇందులో పిల్లల గురించి రెండు లైన్లే ఉన్నాయండి మాస్టారూ.”

“ఆ రెండు లైన్లే చాలమ్మా.”

“చాలితే మిగతా నాలుగు పేజీలూ ఎందుకండి?”

సంతకం పెట్టి ఇచ్చేశాను. ఇరవయ్యోనాడు, బడి తెరిచే గంటకు, ఆ కొత్త గదిలోనే కవరు తెరుస్తారు.

జ్యేష్ఠం 13

పొద్దున్నే పురుషోత్తం మా ఇంటికి వచ్చాడు. తొమ్మిదేళ్ల తర్వాత రావడం. చేతిలో జామకాయల సంచి. గుమ్మంలోనే నిలబెట్టాను.

“లోపలికి రమ్మనవా రాయుడూ?”

“అధికారులకు మా ఇంట్లో సరిపడే కుర్చీ లేదు.”

“సరే, నిలబడే చెబుతాను. కవరు తెరవాల్సిందే. పిల్లల సంగతి. నేను అడ్డు చెప్పను. నువ్వు మాత్రం చదవకు. ఆ టీచరమ్మ చేత చదివించు.”

“ఎందుకు? నా గొంతు నీ చెవికి గుచ్చుకుంటుందా?”

“ఆ యేడు వైశాఖంలో నాకు కామెర్లొచ్చాయి. గుర్తుందా?”

“నీ రోగాల చిట్టా నాకెందుకయ్యా?”

“నెలన్నర మంచంలో ఉన్నాను. నేనొచ్చేసరికి...”

“తక్కెడ తీసేసినప్పుడు కూడా జలుబుందన్నావు!”

అతను సంచి గడప మీద పెట్టాడు.

“కవర్లో ఏముందో నేను చదవలేదు. ఎవరిదో చెప్పే హక్కు కూడా నాకు లేదు. చెబితే నీ రూలు ప్రకారమే నా ఉద్యోగం పోతుంది. అంత గట్టిగా కట్టావు దాన్ని. పాత స్నేహం కొద్దీ అడుగుతున్నాను. చదవకు.”

“స్నేహం మాట నువ్వెత్తకు,” అని తలుపు వేసేశాను.

భయపడుతున్నాడు. పందొమ్మిదేళ్ల కింద చేసిన పాపం పిల్లల ముందు పంచకావ్యాలు చదివిన నా గొంతుతో వినాల్సి వస్తుందని భయం. గోరువెచ్చటి నీళ్లు తాగుతూ గొంతు చూసుకుంటున్నాను.

జామకాయలు బాగున్నాయి. అది వేరే సంగతి.

జ్యేష్ఠం 20

జరిగింది జరిగినట్టే రాస్తాను.

కొత్త బడిలో సున్నం వాసన. మొదటి గదిలో సగం మంది పిల్లలే పట్టారు, మిగతావాళ్లు కిటికీల్లోంచి తొంగిచూస్తున్నారు. గోడకు లాకు ఫోటో, గోడంత. ఇంజనీరు తలుపు పక్కన నిలబడ్డాడు. నూకరత్నం గుమ్మం అవతల, చేతిలో గరిటె అలాగే ఉంది. పురుషోత్తం వెనక బెంచీ మీద కూర్చుని నేలచూపులు చూస్తున్నాడు. అలా చూడడం నాకు బాగుంది. అప్పటికి బాగుంది.

సలోమి కవరు ఇచ్చింది. సీలు విప్పాను. గొంతు సవరించుకున్నాను. చదివాను.

“మూడవ తరగతి, పరిశుభ్రత పాఠము. లాకు గోడపై పదకొండవ వరుస వెంబడి అడ్డముగా సున్నపు గీత కలదు. చేతితో గీసినది, వంకర. దాని దిగువ ఆరవ వరుస వరకు బురద మరక.”

పదకొండు. ఇంజనీరు చేతిలోని పుస్తకం మూసేశాడు. గుమ్మంలోంచి “అదిగో!” అంది నూకరత్నం. నేను ఇంకా గొంతు పెంచాను.

“సుందర వదనమునకు పూసిన మసివలె ఈ కళంకము బాలల చూపును పాఠమునుండి మరల్చుచున్నది. కావున నిర్దాక్షిణ్యముగ తొలగించితిని. ఐదవ వరుస చార బాలల వెనుక మరుగున నున్నది గనుక విడిచితిని.”

పురుషోత్తానికి ఇంత భాష ఎక్కడిదని ఒక్క క్షణం ఆశ్చర్యపోయాను. అసూయ కూడా కలిగింది. కళ్లు అప్పటికే కింది లైనుకు వెళ్లాయి.

“మనవి. ఈ మూడవ బల్ల వారు కామెర్లచే సెలవులో నున్నందున నేనిచట కూర్చుంటిని. ఇచటి ఫ్యాను మంచిది. నాకు కేటాయించిన ఏడవ బల్ల వద్ద గాలి లేదు. అధికారులు గమనింతురు గాక.”

గదిలో ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. ఫ్యాను మాటకు.

నేను ఆగిపోయాను. ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది. మెట్ల కింద ఉక్కపోత. ఖాళీగా ఉన్న కుర్చీ. తల మీద తిరుగుతున్న చల్లటి గాలి. ఆ హాయిలో రోజుకు యాభై ఫోటోలు దిద్దాను. గీత గుర్తు రాలేదు. గోడ గుర్తు రాలేదు. గాలి ఒక్కటే గుర్తొచ్చింది.

కాగితం అడుగున పేరుంది. దాన్ని చూస్తున్నది నేనొక్కణ్ణే. పురుషోత్తం ఇంకా నేల వైపే చూస్తున్నాడు. నేను ఏ పేరు చదివినా అతను తల ఎత్తేలా లేడు. ఇది కూడా రాయాలి: ఆ పేరు చదవకుండా కాగితం మడిచేద్దామని అనుకున్నాను. అలా అనుకున్నది ఒక్క క్షణమేమీ కాదు.

“ఎవరండి మాస్టారూ?” అంది ముందు వరసలో కూర్చున్న పిల్ల. పేరు మేఘమాల, తొమ్మిదేళ్లుంటాయి. “ఎవరు చెరిపేశారండి?”

దిద్దినవాడు ఒప్పుకోకపోతే పదకొండు అన్న మాట చెల్లదు. చెల్లకపోతే రేపు పొద్దున ఈ మూడొందల పన్నెండు మందీ ఇదే గదిలో పలకలు తెరుస్తారు.

“నేనే,” అన్నాను.

“గట్టిగా అనాలండి,” అంది ఆ పిల్ల. “రూలండి. కిందటేడు మా టీచర్ చెప్పారండి.”

“నేనే! జగ్గారాయుణ్ణి. నేనే చెరిపేశాను.”

ఎవరూ నవ్వలేదు. తొమ్మిదేళ్ల కింద పురుషోత్తానికి నవ్వైనా దక్కింది.

ఇంజనీరు ముందుకొచ్చాడు. “పదకొండంటే ఈ గదిలో ఎక్కడికొస్తుంది సార్? నేల ఆరు. ఐదు మూరలు పైకి.” సలోమి సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టింది. గీయమంది. నేను గోడ దగ్గరికెళ్లి చెయ్యెత్తాను. అందలేదు. మునివేళ్ల మీద లేచాను. అయినా అందలేదు. ద్వారబంధం కంటే పైన అది.

వెనక బెంచీ కిర్రుమంది. పురుషోత్తం స్టూలు తెచ్చి గోడకు ఆనించాడు. ఒక కాలు పొట్టిది, ఊగుతోంది. వంగి రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఎక్కు.”

“కదపకు.”

“పట్టుకునే ఉన్నాను. గీయవయ్యా.”

గీశాను. వంకరగా వచ్చింది. దిగి చూస్తే పిల్లలందరూ తలలెత్తి ఉన్నారు. వాళ్ల తలలకూ ఆ గీతకూ మధ్య ఖాళీ గోడ. అంత మేరా నీళ్లే. మేఘమాల బెంచీ ఎక్కి నిలబడి చెయ్యి చాపింది. దానికీ అందలేదు. మెల్లగా దిగి పలక సంచిలో పెట్టుకుంది.

“గిడ్డంగికి పోదామండి టీచర్,” అంది.

జ్యేష్ఠం 21

ఇవాళ కేరియరు రాలేదు. నేనే వంటగదికి వెళ్లాను. నూకరత్నం పప్పు దింపుతోంది. తల ఎత్తలేదు.

“రత్నమ్మా.”

“చెప్పండి.”

గోడ పక్కన పీట లాక్కుని కూర్చున్నాను.

“మా ఆయన పోయి ఆరేళ్లయిందండి,” అంది తనే. “పోయే ముందు కూడా అన్నాడు, నీకు మతి లేదు, జాగ్రత్తగా ఉండవే అని. పందొమ్మిదేళ్లండి మాస్టారూ. మా నాన్న గీసిన గీతను నా కళ్లే కల్పించాయనుకున్నాను. మా అమ్మ మొహం కూడా అలాగే కల్పించుకున్నానేమోనని భయమేసేదండి.”

“దాన్ని తిరిగి గీస్తాను. ఫోటోలో.”

“మీరు గీస్తే మీ గీతవుద్ది. మా నాన్నది అవదు.”

నిజం. పాత ప్రతి కరిగిపోయి పందొమ్మిదేళ్లయింది.

“కానీ గీయండి,” అంది. “ఆ కొలతమ్మకి కనపడాలి కదా.” పళ్లెంలో అన్నం, పప్పు వేసి నా ముందుకు జరిపింది. ఆవకాయ వేయలేదు. జాడీ పక్కనే ఉంది.

సాయంత్రం గాదెలో ఫోటో తెరిచి, పదకొండో వరుస మీద గీత గీశాను. కవర్లోకి ఈసారి మూడే మాటలు చెప్పాను. పురుషోత్తం ముద్ర వేస్తూ అడిగాడు.

“పదిహేనో ఫిర్యాదు వెనక్కి తీసుకుంటావా?”

“అది నా మీదే అయింది కదా, ఉండనీ. మిగతా పద్నాలుగూ కూడా ఉండనీ. తక్కెడ తీసేసింది నువ్వేగా?”

“నేనే,” అన్నాడు. అలవాటైన గొంతు.

శ్రావణం 17

మొన్న రాత్రి ఏరు పొంగింది. ఇవాళ తీసింది. గిడ్డంగి మీద నిలబడి చూశాను. కొత్త బడి కిటికీల పైదాకా చార పడింది. ఇంజనీరు పడవ మీద వెళ్లి కొలిచి వచ్చాడు. పదో వరుస దాటి బెత్తెడు. నా సుద్ద గీతకు చుక్క తడి తగల్లేదట.

పిల్లలు గిడ్డంగి మీద రేకుల కిందే ఉన్నారు. ఉక్కకు తిట్టుకుంటున్నారు. తిట్టుకోనీ.

నన్ను బల్ల మీంచి తీసేశారు. తీసేయాల్సిందే. పోయే ముందు ఒక దరఖాస్తు పెట్టాను. ఇరవై రెండేళ్లలో నేను దిద్దిన ఫోటోల కవర్లన్నీ తెరవాలని. పురుషోత్తం లెక్క తీయించాడు. లక్షా ఎనభై వేల పైచిలుకు.

“నువ్వూ నేనూ పోయినా అవ్వవు రాయుడూ,” అన్నాడు.

“మొదలుపెట్టు.”

సలోమి వారానికి ఒక గంట ఇచ్చింది. మొదటి వారం మూడు కవర్లు చదివాను. ఒకదాంట్లో కుక్క. ఒకదాంట్లో కరెంటు స్తంభం. ఒకదాంట్లో ఎవరో ముసలమ్మ, చీర రంగు పాఠానికి నప్పలేదని తీసేశాను. ఆమె ఎవరని పిల్లలు అడిగారు. తెలియదన్నాను. ఇంటింటికీ తిరిగి కనుక్కుంటామన్నారు. ఆ సాయంత్రమే బయల్దేరారు కూడా.

ఇవాళ రెండో గంట. మెట్లెక్కి వెళ్లేసరికి నాకు ఆయాసం. పిల్లలు అప్పటికే చాపల మీద కూర్చుని ఉన్నారు. ముందు వరసలో మేఘమాల పలక ఒళ్లో పెట్టుకుని, బలపం చేత్తో పట్టుకుని తయారుగా ఉంది.

“ఈ వారం ఏం చెరిపేశారండి మాస్టారూ?”

కవరు విప్పాను.